ఆకాశంలో ఓడ బాగానే ఎగిరింది, మరి ఎక్కడ తడబడింది?

రెండు సంచికల కిందట ఒక పాఠకుడికి జవాబిస్తూ, పిల్లలతో కూర్చుని చూడదగ్గ పాత యానిమేషన్ సినిమాల్లో డిస్నీ వాళ్ల ‘ట్రెజర్ ప్లానెట్’ పేరు చెప్పాను. పక్కనే ‘గొప్ప సినిమా కావలసింది, మంచి సినిమా దగ్గరే ఆగిపోయింది’ అని ఒక్క ముక్క రాశాను. ఆ ముక్కకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు ఒప్పుకున్నారు, ఎక్కువమంది పోట్లాడారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క సినిమాకే ఇస్తున్నాను.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు మాటల్లో. స్టీవెన్‌సన్ రాసిన ‘ట్రెజర్ ఐలాండ్’ నవలని అంతరిక్షంలోకి మార్చి తీశారు, 2002లో వచ్చింది. జిమ్ హాకిన్స్ అనే కుర్రాడు, తల్లి నడిపే సత్రం, వదిలేసి వెళ్లిపోయిన తండ్రి. చనిపోతూ ఒక ముసలి నావికుడు ఇచ్చిన గోళంలో నిధి గ్రహానికి దారి ఉంటుంది. డాప్లర్ అనే పండితుడి డబ్బుతో, అమీలియా అనే కెప్టెన్ నడిపే ఓడలో అంతరిక్షంలోకి బయల్దేరతారు. ఆ ఓడలో వంటవాడు జాన్ సిల్వర్, సగం మనిషి, సగం యంత్రం. జిమ్‌కి తండ్రిలా దగ్గరయ్యేదీ అతనే, లోపల దొంగల ముఠాకి నాయకుడూ అతనే.

ప్రశ్న: ఇంటర్లో ఉండగా ఫ్రెండ్ ఇంట్లో సీడీ వేసుకుని చూశాను. మొన్న మళ్లీ చూస్తే అప్పటంతా నచ్చింది. ఏం తక్కువైందని అలా రాశారు? బొమ్మలు బాగాలేవా? కథ బాగాలేదా? కాస్త వివరంగా చెప్పండి.
*– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్*

బొమ్మల్ని ఎవరైనా తప్పుపడితే ముందు పోట్లాడేది నేనే. దూరంగా నెలవంక కనిపిస్తుంది, కెమెరా దగ్గరికి వెళ్తూ ఉంటే ఆ నెలవంకే ఒక రేవు పట్నం అని తెలుస్తుంది, వంతెనలు, గోదాములు, లంగరు వేసిన వందల ఓడలు. ఆ షాట్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఓడ బయల్దేరేటప్పుడు తెరచాపలు విచ్చుకుని వెలుతురుని పట్టుకోవడం, మనుషులు గాల్లోకి తేలిపోతుంటే గురుత్వాకర్షణ ఆన్ చేయడం, పక్కనే తిమింగలాల గుంపు ఈదుకుంటూ పోవడం, జిమ్ తాళ్ల నిచ్చెన పట్టుకుని నోరు తెరిచి చూడటం... ఇవన్నీ చేత్తో గీసిన బొమ్మల సినిమా ఎంత ఎత్తుకు వెళ్లగలదో చూపించే నిమిషాలు.

నా బాధ ఇంత చేసినవాళ్లు తమ చేతిలో ఉన్న అసలు కథను మధ్యలో వదిలేశారన్నదే. నిధి, గ్రహం, దొంగలు అన్నీ పక్కన పెట్టి చూడండి. ఈ సినిమా గుండెకాయ ఓడలోని వంటింట్లో ఉంది. తండ్రి లేని కోపంతో ఎవరి మాటా వినని కుర్రాడు, జీవితమంతా ఒక్క నిధి కోసం ఒళ్లు ముక్కలు చేసుకున్న ముసలాడు, ఇద్దరూ గిన్నెలు తోముకుంటూ, డెక్ కడుక్కుంటూ ఒకళ్లకొకళ్లు అలవాటవుతారు. తర్వాత నల్ల బిలం దగ్గర తుపాను. ఆరో అనే అధికారి తాడు తెగి పడిపోతాడు, తాళ్లు సరిగ్గా కట్టాల్సిన బాధ్యత జిమ్‌ది కాబట్టి తప్పు తనదేనని కుమిలిపోతాడు. నిజానికి ఆ తాడు కోసింది స్క్రూప్ అనే సాలీడు లాంటి దొంగ. ఆ రాత్రి సిల్వర్ జిమ్‌ని దగ్గరికి తీసుకుని, నీలో గొప్పవాడివయ్యే సత్తువ ఉంది, నీ దారి నువ్వే పట్టాలి అని చెప్తాడు. తెల్లారి జిమ్ పళ్ల పీపాలో దూరి ఉండగా అదే సిల్వర్, నాకా కుర్రాడి మీద ప్రేమేంటి, నాకు కావలసింది నిధి అని ముఠాతో అంటాడు. పీపా చిల్లులోంచి జిమ్ కళ్లు చూడండి. రెండోసారి తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడి కళ్లవి.

అక్కడి దాకా ఈ సినిమా ఏ గొప్ప సినిమాకీ తీసిపోదు. ఆ తర్వాత గ్రహం మీద దిగగానే ఏం చేశారు? బెన్ అనే రోబోని తెచ్చి పెట్టారు. తల పాడైన రోబో, ఆగకుండా మాట్లాడుతుంది, అరుస్తుంది, మీద పడుతుంది. మార్టిన్ షార్ట్ గొంతు ఇచ్చారు, ఆయన మంచి హాస్యనటుడు, ఆయన తప్పేం లేదు. కానీ కుర్రాడి గుండె పగిలి అరగంట కూడా కాలేదు, ఆ బాధని మనమింకా మింగలేదు, అప్పుడే పక్కన కూర్చుని ఎవరో జోకులు వేస్తున్నట్టు ఉంటుంది. ఆ చోట కావలసింది కాసేపు నిశ్శబ్దం. సిల్వర్ ఒకసారి రాజీకి వస్తాడు, నువ్వు విన్నదాంట్లో నీ గురించి అన్న మాట నిజం కాదు అని చెప్పబోతాడు, జిమ్ వినడు. సినిమాలో అన్నిటికంటే పెద్ద సీన్ కావలసింది అది. చటుక్కున అయిపోతుంది.

ఇంకో సంగతి. పేరులో ఉన్న గ్రహమే సినిమాలో అన్నిటికంటే పలచగా ఉంది. రేవు పట్నానికి పెట్టిన ఊహలో సగం కూడా ఆ గ్రహానికి పెట్టలేదు. పుట్టగొడుగుల్లాంటి అడవి, పొగమంచు, కొండ, లోపలికి వెళ్తే యంత్రం, యంత్రం మధ్యలో బంగారం కుప్ప. గంటసేపు ఎదురుచూసిన చోటు కదా, అక్కడి గాలి వాసన కూడా మనకి తెలియాలి. తెలిసేలోపే పేలిపోవడం మొదలవుతుంది. సినిమా మొత్తం 95 నిమిషాలు. ఇంకో పదిహేను నిమిషాలు ఉండి, అందులో సగం సిల్వర్, జిమ్ ఇద్దరికే ఇచ్చి ఉంటే నేను ఆ ముక్క రాసేవాణ్ణి కాదు.

ప్రశ్న: మా నాన్న నాకు ఆరేళ్లప్పుడు గల్ఫ్ వెళ్లాడు. మొదట ఫోన్లు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. బతికే ఉన్నాడని తెలుసు, అంతే. ఈ సినిమాలో జిమ్ చిన్నప్పుడు వాళ్ల నాన్న వెళ్లిపోయే సీన్ దగ్గర నేను ప్రతిసారీ ఆపేసి బయటికి వెళ్లి వస్తాను. నాకిది ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా. మీరు తక్కువ చేసి రాయడం నచ్చలేదు.
*– ఒక పాఠకుడు, జగిత్యాల*

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీకు నచ్చకపోవడం న్యాయమే. మీ జీవితంలో ఆ సినిమా ఉన్న చోటును నా అభిప్రాయం కదిలించకూడదు, కదిలించలేదు కూడా.

ఆ సీన్ గురించి మాత్రం మాట్లాడాలనుంది. ఒక పాట నడుస్తూ ఉంటుంది, జాన్ రెజ్నిక్ పాడింది. ఆ పాటలోనే రెండు కాలాలు కలిపి చూపిస్తారు. చిన్న జిమ్ నిద్రలేచేసరికి తండ్రి మూట సర్దుకుని బయటికి నడుస్తుంటాడు, తల్లి బల్ల దగ్గర తల పట్టుకుని ఏడుస్తుంటుంది, పిల్లాడు రేవు దాకా పరిగెత్తేసరికి ఓడ కదిలిపోయి ఉంటుంది. అదే పాటలో, పెద్దవాడైన జిమ్‌కి సిల్వర్ చిన్న పడవ తీసుకొచ్చి ఎక్కమంటాడు. ఒకడు ఎక్కించుకోకుండా వెళ్లిపోయాడు, ఇంకొకడు ఆగి ఎక్కించుకున్నాడు. మాట ఒక్కటి లేదు. పిల్లల సినిమాలో తండ్రి చనిపోవడం చాలాసార్లు చూశాం, బతికుండి వెళ్లిపోయిన తండ్రిని ఇంత నిజాయితీగా చూపించినవి నాకు తెలిసి చాలా తక్కువ. చనిపోతే ఫొటోకి దండ వేస్తాం, ఊరంతా ఓదారుస్తారు. వెళ్లిపోతే ఆ పిల్లాడికి ఏం చెప్పుకోవాలో కూడా తెలియదు, స్కూల్లో మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

నా ఫిర్యాదు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇంత లోతైన చోటు తాకినవాళ్లు, మీలాంటి ప్రేక్షకుడు లేచి బయటికి వెళ్లేంతగా తాకినవాళ్లు, దాన్ని ఒక పాటలో పెట్టి ముగించేశారు. జిమ్ నోటితో తండ్రి గురించి సినిమాలో చెప్పే మాటలు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సిల్వర్ అడిగితే, చెప్పడానికి పెద్దగా ఏం లేదన్నట్టు తేల్చేస్తాడు. ఆ వయసు కుర్రాడు అంతే చెప్తాడు, ఒప్పుకుంటాను. కానీ చివర్లోనైనా, సిల్వర్ నిధిని వదిలి తన చెయ్యి పట్టుకున్న తర్వాతనైనా, ఆ మాట ఒక్కసారి బయటికి రావాల్సింది. దానికోసం నేను ఇప్పటికీ ఎదురుచూస్తాను, ప్రతిసారీ రాదు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ టీచర్ని. నండూరి రామమోహనరావు గారి ‘కాంచన ద్వీపం’ చదివి పెరిగినవాణ్ణి. సముద్రం కథని ఆకాశంలోకి తీసుకెళ్లడం ఏమి అవసరం? మనవడితో చూశాను. ఓడకి ఇంజను ఉంది, తెరచాపా ఉంది, అంతరిక్షంలో ముసుగు లేకుండా తిరుగుతారు. పుస్తకంలోని భయం ఒక్కచోటా లేదు.
*– తెనాలి*

మాస్టారూ, ‘కాంచన ద్వీపం’ పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1883లో పుస్తకంగా తెచ్చిన ‘ట్రెజర్ ఐలాండ్’ని మనలో చాలామందికి మన భాషలో పరిచయం చేసింది ఆ అనువాదమే.

ఆకాశంలోకి ఎందుకు తీసుకెళ్లారంటే, ఈ సినిమా దర్శకులు జాన్ మస్కర్, రాన్ క్లెమెంట్స్ ఈ ఊహను 1985లోనే డిస్నీ పెద్దల ముందు పెట్టారు. ‘ది లిటిల్ మెర్మెయిడ్’ ఊహ పెట్టిందీ ఆ సమావేశంలోనే. మత్స్యకన్యకి సరే అన్నారు, దీన్ని వద్దన్నారు. తర్వాత మళ్లీ అడిగారు, మళ్లీ వద్దన్నారు. ‘అలాద్దీన్’ తీసి, ‘హెర్క్యులస్’ తీసి, కంపెనీకి బోలెడు పేరు తెచ్చాక అప్పుడు దారి ఇచ్చారు. స్టీవెన్‌సన్ కాలపు పిల్లలకి సముద్రం ఎంత తెలియని లోకమో, ఈ కాలపు పిల్లలకి అంతరిక్షం అంత తెలియని లోకం కాబట్టి కథను అక్కడికి మార్చాలన్నది వాళ్ల ఆలోచన. నాకు అందులో తప్పు కనిపించలేదు. ఓడ పేరు కూడా చూడండి, ‘ఆర్ఎల్ఎస్ లెగసీ’. ఆ మూడక్షరాలు స్టీవెన్‌సన్ గారివే.

మీరు పట్టుకున్న తెరచాపా ఇంజనూ సంగతి వాళ్లు కావాలనే పెట్టుకున్న నియమం. సినిమాలో కనిపించే ప్రతి వస్తువూ 70 పాళ్లు పాతకాలపుది, 30 పాళ్లు భవిష్యత్తుది కావాలనుకున్నారు. పాత సాహస కథల పుస్తకాలకి రంగుల బొమ్మలు వేసిన అమెరికన్ చిత్రకారుల వెచ్చటి రంగులు తెచ్చుకున్నారు. ముసుగు తొడిగి గాజు వెనక ముఖాలు పెడితే ఓడ ప్రయాణం సరదా పోతుందని, అంతరిక్షమంతా పీల్చుకోదగ్గ గాలితో నిండి ఉందని ఊహించి దానికి ‘ఈథీరియం’ అని పేరు పెట్టారు. నాకు ఆ ఊహ చాలా ఇష్టం. కానీ మీరన్న ‘భయం లేదు’ అనే మాట ఇక్కడే నిజమవుతుంది. సముద్రంలో పడితే మునిగిపోతామని అందరికీ తెలుసు. ఈ ఆకాశంలో పడితే ఏమవుతుంది? ఊపిరి ఆడుతుంది కదా? కింద పడతామా, తేలతామా? సినిమా ఎక్కడా ఆగి చెప్పదు. పదిహేడేళ్లు ఆ లోకాన్ని తలలో మోసినవాళ్లకి దాని కట్టుబాట్లన్నీ కంఠతా వచ్చి ఉంటాయి, మొదటిసారి వచ్చినవాడికి చెప్పాలన్న సంగతి మరిచిపోయారేమో అనిపిస్తుంది.

పుస్తకంతో పోలిస్తే నాకు దొరికిన తేడాలు రెండు చెప్తాను. పుస్తకంలో జిమ్ తండ్రి జబ్బుతో చనిపోతాడు, సినిమాలో వదిలి వెళ్లిపోతాడు. ఇది సినిమా వాళ్లు చేసిన గొప్ప మార్పు. రెండోది, పుస్తకంలో దొంగలు తవ్వకానికి వెళ్తే గొయ్యి ఖాళీగా ఉంటుంది, ఆ దీవిలో ఒంటరిగా చిక్కుకుపోయిన బెన్ గన్ అనే నావికుడు ముందే నిధిని వేరే చోటికి మార్చేసి ఉంటాడు. ఎంత మంచి మలుపు అది! దాన్ని తీసేసి గ్రహాన్ని పేల్చారు. పేలుడు కంటే ఖాళీ గొయ్యి ఎక్కువ భయపెడుతుంది మాస్టారూ, మీరు క్లాసులో ఆ ఘట్టం చెప్పి ఉంటే పిల్లల ముఖాలు మీకు గుర్తుండే ఉంటాయి.

ప్రశ్న: ఈ సినిమా ఫ్లాప్ అవడానికి కారణం హ్యారీ పోటర్ అంటారు. నిజమేనా? ఎంత పోయింది?
*– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం*

ఖర్చు 14 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి వసూలైంది దాదాపు 11 కోట్లు, అందులో థియేటర్ల వాటా పోగా కంపెనీకి మిగిలేది ఇంకా తక్కువ. అమెరికాలో 2002 నవంబర్ 27న వచ్చింది, అక్కడ మొత్తం మీద 3.8 కోట్ల డాలర్లే వచ్చాయి. హ్యారీ పోటర్ రెండో సినిమా దానికి పన్నెండు రోజుల ముందే వచ్చి కూర్చుంది కాబట్టి పిల్లలున్న ఇళ్లన్నీ అటే వెళ్లాయి. ఆ మాట నిజమే.

అయితే తప్పంతా ఆ కుర్రాడి మీద వేయకు. చుట్టుపక్కల ఏళ్లు కూడా చూడు. 2000లో ఫాక్స్ వాళ్ల ‘టైటన్ ఏ.ఇ.’ పడిపోయింది, ఆ ఏడాదే ఫీనిక్స్‌లోని వాళ్ల యానిమేషన్ స్టూడియో మూతపడింది. 2001లో డిస్నీదే ‘అట్లాంటిస్’ అనుకున్నంత ఆడలేదు. 2003లో డ్రీమ్‌వర్క్స్ వాళ్ల ‘సింద్‌బాద్’ ఘోరంగా పోయింది. అన్నీ చేత్తో గీసినవే, అన్నీ సాహస కథలే. అదే సమయంలో కంప్యూటర్‌లో చేసిన ‘ఐస్ ఏజ్’, ‘ఫైండింగ్ నెమో’ దుమ్ము దులిపాయి. స్టూడియో పెద్దలు దీన్ని చూసి జనానికి చేత్తో గీసిన బొమ్మలు అక్కర్లేదని తేల్చేసుకున్నారు. నాకైతే ఆ తీర్పు తప్పనిపిస్తుంది. నెమోలో తండ్రి కొడుకుని వెతుక్కుంటూ వెళ్తాడు, ఆ ఒక్క సంగతిని సినిమా చివరిదాకా వదలదు. జనం వెళ్లింది దానికి. ‘ట్రెజర్ ప్లానెట్’ దగ్గర కూడా అలాంటి సంగతే ఉంది, మధ్యలో వదిలేసింది.

ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు జపాన్ దర్శకుడు మియజాకి గారి ‘స్పిరిటెడ్ అవే’కి వెళ్లింది. అది కూడా చేత్తో గీసిందే, గుర్తుపెట్టుకో.

ప్రశ్న: నేను యానిమేషన్ కోర్సు చేస్తున్నాను. సిల్వర్ శరీరంలో సగం చేత్తో గీసింది, సగం కంప్యూటర్ అని మా సార్ చెప్పారు. అతుకు ఎక్కడా కనిపించదు. ఎలా చేశారు? ఇంత పనితనం ఉండి కూడా సినిమా తక్కువైందంటే, మేం నేర్చుకునేది ఏంటి?
*– విశాఖపట్నం*

సిల్వర్‌ని గీసింది గ్లెన్ కీన్. ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో బీస్ట్, ‘టార్జాన్’లో టార్జాన్ ఆయన చేతిలోంచే వచ్చారు. యంత్రపు చెయ్యి కంప్యూటర్‌లో ఎరిక్ డేనియల్స్ చేశారు. ముందుగా ఇది కుదురుతుందా లేదా అని వాళ్లు చేసిన ప్రయోగం నాకు భలే నచ్చింది. 1953 నాటి ‘పీటర్ పాన్’లోంచి కెప్టెన్ హుక్ ముక్క ఒకటి తీసుకుని, అతని చెయ్యి చెరిపేసి ఆ చోట కంప్యూటర్‌లో చేసిన యంత్రపు చెయ్యి అతికించి చూశారు. యాభై ఏళ్ల నాటి గీతకి కొత్త యంత్రం అతికితే, ఇక దేనికైనా అతుకుతుంది కదా.

అతుకు కనిపించకపోవడానికి అసలు కారణం, నేను గమనించినంతలో, ఇద్దరూ ఒకే నటన చేయడం. సిల్వర్ రొయ్యలు వలిచే సీన్ ఒకటుంది, చూసే ఉంటావు. ఆ యంత్రపు చెయ్యి కత్తిగా మారుతుంది, మంటగా మారుతుంది, గుడ్డు పగలగొడుతుంది, మాట్లాడే మాటతో తాళం తప్పదు. ముఖం నవ్వుతూ ఉంటుంది, చెయ్యి మాత్రం కత్తుల్లా కదులుతుంది. ఆ మనిషిని నమ్మొచ్చా, నమ్మకూడదా అన్న ప్రశ్న డైలాగ్ లేకుండా అక్కడే పుట్టేసింది. టెక్నాలజీ పాత్ర కోసం పనిచేయడం అంటే అది.

వెనక సెట్లకి వాడింది ‘డీప్ కాన్వాస్’, టార్జాన్ కోసం తయారు చేసుకున్న పద్ధతి. కంప్యూటర్‌లో కట్టిన లోకం మీద చిత్రకారుడు కుంచెతో వేసినట్టు రంగులు వేస్తే, కెమెరా ఎటు తిరిగినా ఆ కుంచె గుర్తులు అలాగే ఉంటాయి. ఇందులో ఓడ మొత్తాన్ని అలా నాలుగు వైపులా కట్టేశారు. అందుకే డెక్ మీద నిలబడితే మనం కూడా నిలబడినట్టు ఉంటుంది.

మీరు నేర్చుకునేది ఏంటని అడిగావు. ఈ సినిమాలో సిల్వర్ ఉన్న సీన్లు, లేని సీన్లు వేరు చేసి రెండు వరసలుగా చూడు. మాట ఆపేసి, సౌండ్ తీసేసి చూడు. సిల్వర్ ఉన్నవి సౌండ్ లేకపోయినా అర్థమవుతాయి. బెన్ ఉన్నవి సౌండ్ తీసేస్తే చేతులూపుకోవడమే మిగులుతుంది. గీసినవాళ్లందరూ మహానుభావులే, డాప్లర్‌ని గీసిన సెర్హియో పాబ్లోస్ తర్వాత ‘క్లౌస్’ అనే చక్కటి సినిమా తీశారు. కాబట్టి తేడా గీతలో లేదు, ఆ పాత్రకి ఏం కావాలో రాసుకోవడంలో ఉంది. సిల్వర్‌కి ఒకేసారి రెండు కావాలి, నిధీ కావాలి, ఆ కుర్రాడూ కావాలి. బెన్‌కి ఏం కావాలి? తలలో పోయిన ముక్క కావాలి. అంటే అతనికీ ఒక బాధ ఉంది, నూరేళ్లుగా ఒంటరిగా ఉన్నాడు, ఏం మరిచిపోయాడో కూడా గుర్తులేదు. ఎంత మంచి పాత్ర చూడు, దాన్ని కామెడీ ట్రాక్ చేసేశారు. నా చేతికిస్తే బెన్ చేత తక్కువ మాట్లాడిస్తాను. నువ్వయితే ఏం చేస్తావో రెండు పేజీల స్టోరీబోర్డు గీసి పంపు, నిజంగానే అడుగుతున్నాను.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. చూపించొచ్చా? భయపడతాడా?
*– గృహిణి, అనంతపురం*

నిరభ్యంతరంగా చూపించండి అమ్మా. మొదట్లో ముసలి నావికుడు చనిపోవడం, సాలీడు దొంగ, నల్ల బిలం దగ్గర ఆరో పడిపోవడం, ఈ మూడు చోట్ల పక్కన కూర్చోండి చాలు. ఇంగ్లిష్ కాస్త వేగంగా ఉంటుంది, ముఖ్యంగా డాప్లర్ మాటలు, మధ్యలో మీరు కథ చెప్పాల్సి రావచ్చు. ఒక్క మాట: బెన్ వచ్చినప్పుడు మీ బాబు పడి పడి నవ్వుతాడు. నవ్వనివ్వండి. నేను పైన రాసిందంతా పెద్దవాళ్ల గోల.

ప్రశ్న: అంకుల్, నేను తొమ్మిదో తరగతి. చివర్లో సిల్వర్ ఎందుకు వెళ్లిపోయాడు? జిమ్‌తోనే ఉండొచ్చు కదా. ఆ సీన్ నాకు నచ్చలేదు, ఏడుపొచ్చింది.
*– కరీంనగర్*

తల్లీ, ఏడుపొచ్చిందంటే ఆ సీన్ సరిగ్గా తీశారనే.

సిల్వర్ ఉంటే జైలుకి వెళ్లాలి. ఓడని దొంగిలించాలనుకున్నాడు, ముఠా కట్టాడు, ఆ తప్పులన్నీ ఉన్నాయి కదా. అందుకే ఎవరికీ తెలియకుండా చిన్న పడవ విప్పుకుంటూ ఉంటాడు. జిమ్ చూసేస్తాడు. పట్టించవచ్చు, పట్టించడు. ఇప్పుడు ఆ పాట సీన్ గుర్తు చేసుకో. చిన్నప్పుడు జిమ్ రేవు దాకా పరిగెత్తేసరికి నాన్న ఓడ వెళ్లిపోయింది, మాట కూడా చెప్పలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఈసారి వెళ్లేవాడు ఆగాడు. నాతో రా అని పిలిచాడు. జిమ్ రానన్నాడు, ఎందుకు రానంటున్నాడో చెప్పాడు, సిల్వర్‌కి అది విని గర్వమేసింది. ఇద్దరూ కౌగిలించుకున్నారు. అమ్మ సత్రం కట్టుకోవడానికి జేబులోంచి నిధి ముక్కలు తీసి విసిరాడు.

ఒకటి గమనించావా, అతనితో ఎప్పుడూ ఉండే మార్ఫ్, ఏ ఆకారంలోకైనా మారే ఆ గులాబీ రంగు చిన్న బొట్టు, సిల్వర్ వెళ్లిపోతుంటే గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు సిల్వర్, ఈ కుర్రాడిని నువ్వు చూసుకో అని దానికి పని అప్పజెప్పి జిమ్ దగ్గర వదిలేస్తాడు. చిలకని భుజం మీంచి దించని పాత పుస్తకం సిల్వర్ ఆ పని చేయడు. ఇతను చేశాడు. తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క తోడుని ఇచ్చి వెళ్లాడు. మళ్లీ చూసినప్పుడు పడవ దూరమయ్యేటప్పుడు సిల్వర్ ముఖం కాకుండా మార్ఫ్‌ని చూడు, అది జిమ్ చెంప దగ్గరికి ఎప్పుడు వెళ్తుందో చూసి నాకు మళ్లీ రాయి.